ప్రతి మాటకూ ఆధారం అడిగే ముందు: చర్చా బృందాల నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు, సభ్యులకు నమస్కారం.

ఎవరు ఏ మాట అన్నా దానికి ఆధారం చూపాలని, చూపలేని మాటను లెక్కలోకి తీసుకోరాదని నియమం పెట్టుకున్న చర్చా బృందాలు ఉన్నాయి. ఇందుకు పూర్తిగా ఎదురుగా, ఇక్కడ పుస్తకాల పేర్లూ పండితుల పేర్లూ వద్దు, మీ సొంత ఆలోచన ఏమిటో అదే చెప్పండి అనే బృందాలూ ఉన్నాయి. ఈ రెండు రకాల బృందాలను నడిపేవారినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. పరిశోధన వ్యాసానికి ఉండవలసిన నియమాల గురించి నాకు తగాదా లేదు; వాటికి వాటి పద్ధతులున్నాయి, అవి అలాగే ఉండాలి. నేను మాట్లాడుతున్నది నలుగురు ఎదురెదురుగా కూర్చుని, ముందుగా రాసుకున్న కాగితాలేవీ లేకుండా, ఒక ఆలోచన నిలుస్తుందా నిలవదా అని మాటామాటా అనుకునే చర్చ గురించి.

నా విన్నపం ఒక్కటే. వినేవారు కూర్చున్న చోటే తమ బుద్ధితో పరీక్షించగల మాటకు ఆధారం అడగకండి. అలా పరీక్షించడానికి వీలులేని మాటకు మాత్రం, చెప్పేవారికి అది ఎలా తెలిసిందో అడగకుండా వదలకండి. ఈ తేడాను పట్టించుకోకుండా అన్ని మాటలకూ ఒకే నియమం పెట్టినప్పుడు ఆ నియమం ఆధారం కోరేదైనా, ఆధారం వద్దనేదైనా, చర్చకు నష్టమే చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఆధారం కావాలనే పట్టుదల వెనుక ఉన్న ఆందోళన న్యాయమైనదేనని ముందుగా ఒప్పుకోవాలి. మన భావంలో ఏడు శాతమే మాటల ద్వారా ఎదుటివారికి చేరుతుందని, మిగిలినదంతా గొంతూ ముఖకవళికలూ చేరవేస్తాయని ఎన్ని ప్రసంగాల్లో విని ఉంటామో లెక్కలేదు. ఆ అంకెలు 1967లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ తన సహపరిశోధకులతో కలిసి చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. పలికిన మాట ఒకటి చెబుతూ, పలికిన తీరు మరొకటి చెబుతున్నప్పుడు, పలికినవారి ఇష్టాయిష్టాలను వినేవారు దేన్ని బట్టి అంచనా వేస్తారన్నదే ఆ ప్రయోగాల విషయం. మామూలు సంభాషణ అంతటికీ ఆ లెక్కను వర్తింపజేయకూడదని మెహ్రాబియనే స్పష్టంగా చెప్పారు. అయినా ఆ ఏడు శాతం తన అసలు సందర్భాన్ని వదిలేసి ఊరేగుతూనే ఉంది. ఎక్కడిది అని ఒక్కరు అడిగి, ఒక్కరు వెళ్లి చూసి ఉంటే ఆ మాట అక్కడే ఆగిపోయేది.

మళ్లీ మళ్లీ వినడమే మాటను నిజమనిపించేలా చేస్తుందని కూడా మనకు తెలుసు. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టోపినో అనే ముగ్గురు పరిశోధకులు విద్యార్థులకు కొన్ని వాక్యాలను రెండేసి వారాల ఎడంతో మూడు సార్లు చూపించి, ఏవి ఎంతవరకు నిజమనిపిస్తున్నాయో అడిగారు. మొదటిసారి కనిపించిన వాక్యాలకన్నా పదేపదే కనిపించిన వాక్యాలపై వారి నమ్మకం పెరుగుతూ వచ్చింది, ఆ వాక్యం నిజమైనదా కాదా అన్న దానితో నిమిత్తం లేకుండా. తరచూ కలిసే చర్చా బృందం ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ఒకరి నోటి నుంచి వచ్చిన అంకె మరుసటి సమావేశానికల్లా మరొకరి నోటికి ఎక్కుతుంది, మూడో సమావేశానికి అది అందరికీ తెలిసిన విషయమైపోతుంది.

ఇంతవరకు నిర్వాహకులతో నాకు పేచీ లేదు. పేచీ వచ్చేదల్లా ఈ జాగ్రత్తను ప్రతి వాక్యం మీదా రుద్దినప్పుడే.

ప్రధాన సంఖ్యలకు అంతు లేదని ఒకరు అన్నారనుకుందాం. ఎన్ని ప్రధాన సంఖ్యలు తెలుసునో అన్నింటినీ ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన దానికి ఒకటి కలపండి. తెలిసిన ప్రధాన సంఖ్యల్లో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. కాబట్టి ఆ కొత్త సంఖ్యను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా మన జాబితాలో లేనిదే అయి ఉండాలి. ఇది రెండు వేల సంవత్సరాలకు పైగా గ్రీకు గణితవేత్త యూక్లిడ్ పేరు మీద ఉన్న నిరూపణ. అయితే ఆ పేరు చెప్పినందువల్ల నిరూపణకు కొత్తగా వచ్చే బలం ఏమీ లేదు, చెప్పనందువల్ల పోయే బలమూ లేదు. వినేవారు ఒక్కొక్క మెట్టునూ తామే ఎక్కి చూడగలరు. అలాంటి చోట ఆధారం చూపమని అడగడమంటే, మీ బుద్ధి ముందున్న దాన్ని మీ బుద్ధితో చూడకండి, మరొకరి అనుమతి తెచ్చుకోండి అని చెప్పడమే.

గణితంలో ఇది సులభంగా కనిపిస్తుంది. నీతికి సంబంధించిన చర్చల్లో ఇంత తేటగా కనిపించదు గానీ అక్కడే ఇది ఎక్కువ అవసరం. అమాయకుడిని చంపడానికి వెతుక్కుంటూ వచ్చినవాడు తలుపు తట్టి, అతను లోపల ఉన్నాడా అని అడిగితే అబద్ధం చెప్పవచ్చా అన్నది తరచుగా చర్చకు వచ్చే ప్రశ్న. చెప్పకూడదని 1797లో జర్మన్ తత్వవేత్త కాంట్ వాదించాడు. ఫ్రెంచ్ రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ వాదనకు జవాబుగా రాసిన వ్యాసం అది. ఇప్పుడు మీ బృందంలో ఒకరు లేచి, మేలు జరుగుతుందని తోచిన ప్రతిసారీ అబద్ధం ఆడవచ్చునంటే ఎవరి మాటనూ ఎవరూ నమ్మలేని స్థితి వస్తుందని అన్నారనుకోండి. ఆ వాదనను ఉన్న పళంగా తూచవచ్చు. ఒక్క మినహాయింపుతో నమ్మకమంతా కూలిపోతుందా, హంతకుడికి నిజం పొందే హక్కు ఉందా, ప్రాణం కాపాడే బాధ్యత నిజం చెప్పే బాధ్యతకన్నా తక్కువదా అని ఎదుటివారు ప్రశ్నించవచ్చు. చర్చ అబద్ధం గురించే సాగుతుంది.

అదే వ్యక్తి ఆధారం చూపాలన్న నియమానికి కట్టుబడి, ఇది కాంట్ చెప్పినది అని మొదలుపెడితే ఏం జరుగుతుందో మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. కాంట్ నిజంగా అలా అన్నాడా, ఆ ఒక్క వ్యాసాన్ని అతని మిగతా రచనలతో కలిపి చదవాలా విడిగా చదవాలా, అనువాదం సరైనదేనా అన్న ప్రశ్నలు వరుస కడతాయి. అవి మంచి ప్రశ్నలే, కాంట్‌ను అర్థం చేసుకోవడానికి కూర్చున్న రోజున. తలుపు తట్టిన హంతకుడి గురించి కూర్చున్న రోజున అవి చర్చను అసలు చోటి నుంచి లాగేస్తాయి. పైగా కాంట్‌ను చదవని సభ్యులు అంతటితో మౌనం వహిస్తారు. వారికి ఆ ప్రశ్న మీద చెప్పవలసింది లేక కాదు, చర్చ తాము చదవని పుస్తకంలోకి వెళ్లిపోయింది కాబట్టి. ఒక ఆలోచనను మన మాటల్లో మనం నిలబెట్టగలిగినప్పుడు అలా నిలబెట్టడమే ఎదుటివారికి ఇచ్చే గౌరవమని నేను అనుకుంటాను. అయితే కాంట్ ఇలా అన్నాడు అని ఒకసారి అన్నామా, అప్పుడు ఆ మాట అతని గురించి చేసిన వాస్తవ ప్రకటన అవుతుంది. దానికి ఎక్కడ అన్నాడో చెప్పే బాధ్యత మన మీద పడుతుంది.

గొప్ప పేరు ముందు నోరు మూతపడటం కొత్తగా వచ్చిన ఇబ్బంది కాదు. 17వ శతాబ్దపు చివర ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ దీన్ని వాదనలోని ఒక ఎత్తుగడగా గుర్తించి వర్ణించాడు. విద్యతోనో, పదవితోనో పేరు సంపాదించినవారి అభిప్రాయాన్ని ముందు పెడితే, దాన్ని కాదనడం వినయం లేకపోవడం అవుతుందేమోనని ఎదుటివాడు సిగ్గుపడి తగ్గుతాడని, అలా తగ్గినంత మాత్రాన ఆ అభిప్రాయం సరైనదని తేలదని అతను రాశాడు. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే, పూర్వుల మాటలను అడుగడుగునా ఉదహరించే సంప్రదాయంలో ఉంటూనే క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్, మానవ బుద్ధి మీద నిలిచే పెద్దల మాట వాదనలన్నింటిలోకీ బలహీనమైనదని ఒప్పుకున్నాడు. దైవవాక్కుకు అతను వేరే స్థానం ఇచ్చాడు, అది వేరే సంగతి.

మన తర్కశాస్త్రం ఈ విషయంలో మరింత నిశితంగా ఆలోచించిందని నాకు అనిపిస్తుంది. న్యాయదర్శనం ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలుసుకోవడం), అనుమానం (గుర్తును బట్టి ఊహించి తేల్చడం), ఉపమానం (పోలికను బట్టి గుర్తించడం), శబ్దం (ఒకరు చెప్పగా తెలుసుకోవడం) అని, విషయం తెలుసుకునే మార్గాలుగా నాలుగు ప్రమాణాలను అంగీకరించి, శబ్దం అంటే ఆప్తుని ఉపదేశం అని చెప్పింది. మరి ఆప్తుడెవరు? న్యాయసూత్రాలకు రాసిన భాష్యంలో వాత్స్యాయనుడు ఇచ్చిన సమాధానం ప్రకారం, విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలియజెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడు. ఆ వెంటనే ఆయన చేర్చిన మాట ఇంకా ముఖ్యమైనది. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా, అంటే పరాయివానికైనా, సమానమే అన్నాడు. అంటే మాటకు విలువ ఇచ్చేది చెప్పినవారి హోదా కాదు. వారికి ఆ విషయం తెలుసా, తెలిసినదాన్ని నిజాయితీగా చెబుతున్నారా అన్న రెండు సంగతులే. ఆధారం చూపండి అని మనం అడిగినప్పుడు మనసులో ఉండవలసినది ఈ రెండు ప్రశ్నలే.

ఈ కొలత పెట్టుకుంటే నియమంలోని ఒక అన్యాయం బయటపడుతుంది. ఏళ్ల తరబడి రోగులకు సేవ చేసిన ఒక మనిషి, మంచం పట్టినవారితో ఎలా మాట్లాడితే వారు మందు వేసుకుంటారో తన అనుభవం నుంచి చెప్పినప్పుడు, అచ్చులో ఉన్నది చూపితేనే వింటాం అంటే ఆ మనిషి నోరు నొక్కినట్టే. ఆ విషయంలో ఆ గదిలో ఉన్న ఆప్తుడు అతనే. అతని అనుభవం అందరికీ వర్తిస్తుందా అని అడగండి, ఎంతమందిని చూసి ఈ మాట అంటున్నారని అడగండి, మరో చోట మరోలా జరిగిన ఉదాహరణ మీకు తెలిస్తే చెప్పండి. అవన్నీ సరైన ప్రశ్నలు. పుస్తకం పేరు అడగడం మాత్రం చదువుకునే అవకాశం దక్కినవారిని ఒక మెట్టు పైనా, పని చేసి తెలుసుకున్నవారిని ఒక మెట్టు కిందా కూర్చోబెట్టడం. చర్చా బృందాల్లో ఇది నన్ను అన్నింటికన్నా ఎక్కువగా బాధించే విషయం.

ఆధారం చెప్పడమూ, ఆధారం ఉండటమూ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. పాలకూరలో ఇనుము చాలా ఎక్కువన్న ప్రచారానికి కారణం ఒక రసాయన శాస్త్రవేత్త దశాంశ బిందువును తప్పు చోట పెట్టడమేనని ఒక కథ ఉంది. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన హాంబ్లిన్ వ్యాసంతో ఈ కథకు బాగా ప్రచారం వచ్చింది. ఆ వ్యాసంలో దీనికి ఆధారమేదీ ఇవ్వలేదు; తరువాత పాత పత్రాలన్నీ వెతికి చూసినవారికి అలాంటి దశాంశ పొరపాటు జరిగినట్టు రుజువు దొరకలేదు. అయినా పండితులు ఒకరి వ్యాసం నుంచి మరొకరు ఈ కథను ఉదహరిస్తూ పోయారు, అందులోనూ కొందరు మూలాలను సరిచూసుకోకపోతే ఎంత ప్రమాదమో చెప్పడానికే దీన్ని ఉదహరించారు. ఈ వ్యవహారాన్ని 2014లో నార్వే పరిశోధకుడు రెక్‌దాల్ ఓపికగా విప్పి చూపాడు. అచ్చులో, సమీక్షలు దాటి వచ్చే రచనల్లోనే ఇలా జరిగినప్పుడు, మాటల మధ్య గబుక్కున చెప్పే పుస్తకం పేరుకు ఎంత బరువు ఇవ్వాలో ఆలోచించండి. చెప్పినవారు ఆ పుస్తకాన్ని తెరిచి చూశారా అన్నది పేరుకన్నా ముఖ్యమైన ప్రశ్న.

తెరిచి చూసినా సరిపోని సందర్భాలు ఉన్నాయి. తట్టు, గవదబిళ్లలు, రూబెల్లాలకు కలిపి ఇచ్చే టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చన్న అనుమానాన్ని లేవనెత్తిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం పత్రం 1998లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలోనే అచ్చయింది. అది పన్నెండు మంది పిల్లల గురించిన పత్రం. 2010లో ఆ పత్రిక దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంది; లక్షల మంది పిల్లల వివరాలతో వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాలు అలాంటి సంబంధం లేదని తేల్చాయి. ఆధారం ఉందా అన్న ఒక్క ప్రశ్నతో ఆగే బృందంలో ఆ పత్రాన్ని చూపినవారు గెలుస్తారు. ఎంతమందిని చూశారు, ఆ తరువాత ఏమైంది, ఆ పని మళ్లీ చేసి చూసినవారికి ఏం కనిపించింది అని అడిగే బృందంలో గెలవలేరు. ఆరోగ్యం విషయంలోనూ, ఒక వ్యక్తి మీదా ఒక సమూహం మీదా నింద మోపే విషయంలోనూ నేను మీ నియమాన్ని ఇంకా బిగించమనే అంటాను. విన్న మనిషి ఇంటికి వెళ్లి ఆ మాటను బట్టి మందు మానేయవచ్చు, లేదా పొరుగువారిని అనుమానించవచ్చు. అలాంటి మాటలు ఆధారం చేతిలో లేకుండా అనకూడదు, అంటే అప్పుడే ఆపాలి.

ఇక జ్ఞాపకం సంగతి. మనిషికి విషయం గుర్తుంటుంది, అది ఎక్కడ తెలిసిందో జారిపోతుంది. 1951లో హోవ్‌లాండ్, వైస్ చేసిన ప్రయోగంలో, నమ్మదగిన మూలం నుంచి వచ్చిందని చెప్పిన వ్యాసం మొదట్లో పాఠకుల అభిప్రాయాలను ఎక్కువగా మార్చింది, నమ్మదగని మూలం నుంచి వచ్చిందని చెప్పినది తక్కువగా మార్చింది. నాలుగు వారాలు గడిచేసరికి ఆ తేడా దాదాపు మాయమైంది. ఎవరు చెప్పారన్నది విషయం నుంచి విడిపోయింది. ఇది చదువురానివారి బలహీనత కాదు, మన అందరి మనసుల తీరు. కనుక ఆధారం చెప్పలేకపోతే మాట్లాడవద్దు అనే నియమం కింద మొదట మౌనం వహించేది, తనకు గుర్తు లేదని తెలిసిన నిజాయితీపరుడు. ఏదో ఒక పేరు ధైర్యంగా చెప్పేయగలవారికి ఆ నియమం అడ్డు రాదు.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. చదివాను గానీ ఎక్కడో గుర్తు లేదు, ఒక వైద్యుడు చెప్పగా విన్నాను, ఇది నా ఊహ మాత్రమే, ఈ అంకె పదేళ్ల కిందటిది, ఇప్పుడు మారి ఉండవచ్చు: ఇలాంటి ప్రతి మాటా ఆధారం చెప్పడమే. వినేవారికి ఎంత నమ్మాలో ఎంత ఆగాలో అది చెబుతుంది. జరిగిందట అనవలసిన చోట జరిగింది అనకుండా ఉండటం మాటల మధ్య చేసే చర్చలో గ్రంథసూచికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. మీ నియమావళిలో ఆధారం అన్న చోట ఇంత విశాలమైన అర్థం ఉండేలా చూడమని మనవి చేస్తున్నాను.

అడిగేవారి బాధ్యత గురించి నియమాలు సాధారణంగా మౌనంగా ఉంటాయి. న్యాయదర్శనం వాదాన్నీ, జల్పాన్నీ, వితండాన్నీ వేరు చేసింది. తత్త్వం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివారి పక్షాన్ని పడగొట్టడానికే చేసేది వితండం. ప్రతి వాక్యం చివరా ఆధారం ఏది అని అడుగుతూ, తను ఏమనుకుంటున్నాడో ఒక్కసారీ చెప్పని సభ్యుడు మూడో పని చేస్తున్నాడు, అతను వాడుతున్నది మీ నియమాన్నే. అందుకని అడిగేవారిని కూడా రెండు మాటలు అడగండి. ఈ విషయంలో మీకున్న అనుమానం ఏమిటి? ఆధారం చూపితే మీ అభిప్రాయంలో ఏం మారుతుంది? చర్చ తీర్పు దేని మీద ఆధారపడి ఉందో ఆ ఒక్క వాస్తవానికి ఆధారం అడిగేవారు ఈ ప్రశ్నలకు వెంటనే సమాధానం చెప్పగలరు. అలాగే, ఫలానా గ్రంథం చదివి రండి, అప్పుడు మాట్లాడదాం అన్నది కూడా ఆధారం చూపడం కాదు. అందులోని ఏ కారణం ఈ చర్చను తేలుస్తుందో నాలుగు మాటల్లో చెప్పి, ఆ తరువాత కావాలంటే గ్రంథం పేరు ఇవ్వాలి.

పేర్లే వద్దనే బృందాలకు నేను చెప్పేది కొంచెమే గానీ అది తేలికైన విషయం కాదు. ఒకరి ఆలోచనను తనదిగా చలామణీ చేసుకోవడం నోటిమాటగా చేసినా తప్పే. మూలం చెప్పడం అచ్చు పుస్తకాలతో వచ్చిన అలవాటని కొందరు అనుకుంటారు. ఇస్లామీయ సంప్రదాయంలో ప్రవక్త మాటలను ఒకరి నుంచి ఒకరు విన్న వరుసతో సహా చెప్పేవారు. ఆ వరుసలోని ఒక్కొక్కరి జ్ఞాపకశక్తినీ నడవడినీ పరీక్షించడమే ఒక శాస్త్రంగా ఎదిగింది. యూదు గురువుల సూక్తుల్లో, ఒక మాటను అన్నవారి పేరుతోనే చెప్పేవాడు లోకానికి విముక్తి తెస్తాడన్న మాట ఉంది. నోటితో నేర్చి నోటితో నేర్పిన కాలంలోనే ఇవి పుట్టాయి.

కృతజ్ఞత ఒక్కటే కాదు, పేరు వల్ల మరో ప్రయోజనం ఉంది. పేరుతో పాటు ఆ ఆలోచన మీద అంతకుముందు వచ్చిన అభ్యంతరాలు కూడా అందుబాటులోకి వస్తాయి. దేవుడు ఉన్నాడని పందెం కాస్తే పోయేది కొద్దిగా, వచ్చేది అనంతంగా ఉంటుంది కనుక నమ్మడమే తెలివైన పని అని ఒక సభ్యుడు తన ఆలోచనగా చెప్పారనుకోండి. ఇది 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ తత్వవేత్త పాస్కల్ చేసిన వాదమని తెలిస్తే, ఇదే మాటను మరో మతానికి చెందిన గురువు కూడా అంతే బలంగా అనవచ్చు కదా అని ఆ తరువాతి శతాబ్దంలో మరో ఫ్రెంచ్ తత్వవేత్త దిదెరో లేవనెత్తిన ప్రశ్న కూడా దొరుకుతుంది. తెలియకపోతే ఆ బృందం మూడు వందల ఏళ్ల నాటి దారిలో మొదటి అడుగు దగ్గరే తిరుగుతూ ఉంటుంది. అందువల్ల వాదనను ముందు మన మాటల్లో చెప్పి, అది ఎవరిదో తెలిస్తే చివర ఒక్క ముక్కలో చెప్పడం మంచి పద్ధతి. పేరు ముందు వస్తే బెదిరిస్తుంది, తరువాత వస్తే దారి చూపుతుంది.

పేరు తప్పని తేలినా ఆలోచన నిలవవచ్చని కూడా ఇక్కడ చెప్పాలి. నీ అభిప్రాయంతో నేను ఏకీభవించకపోయినా, దాన్ని చెప్పుకునే నీ హక్కు కోసం ప్రాణమిచ్చి పోరాడతానన్న మాటను 18వ శతాబ్దపు ఫ్రెంచ్ రచయిత వోల్టేర్‌కు కట్టబెడుతుంటారు. అది 1906లో ఎవెలిన్ బీట్రిస్ హాల్ అనే రచయిత్రి వోల్టేర్ వైఖరిని వివరిస్తూ తన మాటల్లో రాసిన వాక్యం. ఈ సంగతి తెలిశాక వాక్యాన్ని వోల్టేర్ పేరుతో చెప్పడం మానుకోవాలి. ఎదుటివారి వాక్స్వాతంత్ర్యాన్ని కాపాడాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం అప్పుడూ మన ముందే ఉంటుంది. ఉటంకింపులో తప్పు పట్టుకుని వాదన మొత్తం ఓడిపోయిందని ప్రకటించే అలవాటును కూడా నిర్వాహకులు అడ్డుకోవాలి.

కనుక మీ నియమాన్ని ఈ విధంగా మార్చి రాయమని కోరుతున్నాను. కారణాలు చెప్పి వాదించే సభ్యుడిని ఆధారం అడగరాదు, కారణాలనే ప్రశ్నించాలి. అంకెలు, తేదీలు, జరిగిన సంఘటనలు, పరిశోధన ఫలితాలు, ఇతరుల మాటలు చెప్పినప్పుడు అవి తమకు ఎలా తెలిశాయో సభ్యులు తమంతట తామే, తెలిసినంత వరకు, చెప్పాలి. గుర్తు లేకపోతే గుర్తు లేదని చెప్పాలి, అలా చెప్పినందుకు ఎవరూ వారిని తక్కువ చేయరాదు. ఆరోగ్యం గురించీ, వ్యక్తులూ సమూహాల మీద ఆరోపణల గురించీ మాట్లాడేటప్పుడు మాత్రం ఆధారం చేతిలో ఉండి తీరాలి. అడిగినవారు తమకు చూపిన ఆధారాన్ని చదవాలి.

ఒక చిన్న ఏర్పాటు కూడా సూచిస్తాను. చర్చ జరుగుతుండగా తేలని వాస్తవాలను ఒకరు కాగితం మీద రాసుకోవాలి. ఆ అంకె నిజమైతే ఒక విధంగా, కాకపోతే మరో విధంగా అని రెండు దారుల్లోనూ ఆలోచిస్తూ అప్పటికి చర్చను ముందుకు నడపవచ్చు. తదుపరి సమావేశాన్ని ఆ కాగితంతోనే మొదలుపెట్టి, చెప్పినవారూ అడిగినవారూ ఇద్దరూ వెతికి తెచ్చిన వివరాలను అందరికీ వినిపించాలి. అవి ఎవరి పక్షాన వచ్చినా, కిందటిసారి తేల్చుకున్నదాన్ని ఆ వెలుగులో మళ్లీ పరిశీలించడానికి సమయం కేటాయించండి.

ఇట్లు,
చర్చలను ఎంతో విలువైనవిగా భావించే ఒక సభ్యుడు